ఊరిని అడగని స్వపరిపాలన

సంపాదకుడు గారికి,

స్వరాజ్యం మీద చర్చ వస్తే మనవాళ్లు 1909లో గాంధీ రాసిన ‘హింద్ స్వరాజ్’తో మొదలుపెట్టి, 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పల్లెలను దుయ్యబట్టిన ప్రసంగం దగ్గర ఆపేస్తారు. ఒకాయనకు ఊరి మీద నమ్మకం, ఇంకొకాయనకు ఆ ఊళ్లోని కులం మీద భయం. మధ్యలో జరిగిన చీరాల-పేరాల పోరాటం ఎవరికీ గుర్తురాదు.

ఆ రెండు ఊళ్లనూ కలిపి తెల్లదొరలు మునిసిపాలిటీ చేశారు. నేతపని మీద బతికే జనం మీద పన్నులు ఒక్కసారిగా పెరిగాయి. మాకొద్దు మొర్రో అన్నా వినలేదు. 1921లో స్వాతంత్ర్య సమరయోధుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఇల్లూ వాకిలీ వదిలేసి, మునిసిపాలిటీ హద్దు అవతల రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. తమాషా ఏమిటంటే, ఆ మునిసిపాలిటీని సర్కారు కూడా స్థానిక స్వపరిపాలన అనే చెప్పుకుంది!

ఇప్పుడు రాజ్యాంగమే మన పక్షాన ఉంది. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. గడువు తీరేలోపే పంచాయతీ ఎన్నికలు జరపాలని అందులోనే ఉంది. అయినా తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా పల్లెలను సర్పంచులకు బదులు సర్కారు పెట్టిన ప్రత్యేకాధికారులే ఏలారు. వీధి దీపం మాడిపోతే ఎవరికి చెప్పాలో మా ఊళ్లో తెలిసేది కాదు.

సర్పంచులు వచ్చినంత మాత్రాన అయిపోలేదు. మా దగ్గర గ్రామసభ పొద్దున పదకొండింటికి పెడతారు, కూలికి పోయేవాళ్లంతా చేలల్లో ఉండే వేళకు. తర్వాత రిజిస్టర్ ఇంటింటికీ తిరుగుతుంది. ఎస్సీ కాలనీ ఆడవాళ్లు సంతకం పెడతారు, జమాఖర్చు మాత్రం ఎవరూ చదివి వినిపించరు. అంబేడ్కర్ భయం ఉత్తిదేం కాదు.

అలాగని గ్రామసభనే కొట్టిపారేస్తే ఎలా? 2013లో ఒడిశాలోని నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకాలు వద్దని తీర్మానించాయి. సుప్రీంకోర్టు ఆదేశంతో జిల్లా జడ్జి పర్యవేక్షణలో జరిగిన సభలవి. ఊరికి నోరుంది, కాకపోతే ఆ నోరు నొక్కకుండా చూసే కాపలా కూడా ఉండాలి. గాంధీ, అంబేడ్కర్ ఇద్దరూ అవసరమయ్యేది అక్కడే.

అందుకే కొత్త సర్పంచులకూ, పంచాయతీరాజ్ శాఖకూ నా మనవి: గ్రామసభ సాయంత్రం పూట పెట్టండి. ఒకసారి ఊరి నడుమ పెడితే మరోసారి ఎస్సీ కాలనీలో పెట్టండి. వారం ముందే దండోరా వేయించండి. ఇంటి పన్ను ఎంత వసూలైందో, ఏ బిల్లుకు ఎంత పోయిందో సభలో చదివి, ఆ కాగితం పంచాయతీ ఆఫీసు గోడకు అతికించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నల్లగొండ జిల్లా