ఆ టర్ర్ర్ శబ్దం దొరికిందిరా!

ఒరేయ్ సత్తిగా,

ముందు తిట్టేసుకో, తర్వాత చదువు. ఉగాదికి రాస్తానన్నాను, ఆషాఢం వచ్చేసింది. నీ రెండు ఉత్తరాలూ బల్ల సొరుగులోనే ఉన్నాయి. సొరుగు తీసినప్పుడల్లా నీ దస్తూరీ కనిపించి మళ్ళీ మూసేస్తున్నాను. క్షమించు. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అమ్మకి రెండో కంటికి కూడా శుక్లాల ఆపరేషన్ అయింది, ఇప్పుడు నా చొక్కా మీద మరకలు నాకంటే ముందు తనకే కనపడుతున్నాయి. చిన్నది ఇంటర్ ఎంపీసీలో చేరింది. గొల్లపూడి స్థలం గొడవ ఎక్కడిదక్కడే ఉంది, దాని గురించి అడక్కు. పచ్చగొడుగు ఆయన రిటైరయ్యాడు, గొడుగుతో సహా. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. కారులో ఆ శబ్దం దొరికింది! మొన్న మేలో ఫోన్లో నీకు వినిపించబోతే, నీకు మా ఆవిడ ఆవులింత ఒక్కటే వినపడిందన్నావే, ఆ శబ్దం. అప్పట్నుంచీ దాని వెనకే పడ్డాను. ఇంట్లో ఆ మాట ఎత్తితే జనం లేచి పక్క గదిలోకి పోతున్నారు. చెప్పుకోడానికి నువ్వొక్కడివే మిగిలావు, ఓపిక పట్టు.

శబ్దం ఎలాంటిదంటే, ఊళ్ళో తిరిగితే ఉండదు. హైవే ఎక్కి ఎనభై దాటితే మొదలు. నువ్వు సిగరెట్ పెట్టె అట్ట చింపి సైకిల్ చక్రం పుల్లల మధ్య పెట్టి తొక్కేవాడివి చూడు, అచ్చం అదే, టర్ర్ర్ర్ అని. (ఆ అద్దె సైకిల్ చివరికి ఎక్కడ తేలిందో నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.) ఒకసారి గ్లవ్ బాక్స్‌లోంచి వచ్చినట్టుండేది, ఒకసారి స్టీరింగ్ కింద నుంచి. డెబ్భైకి దించానా, చప్పున ఆగిపోయేది.

మొదటి ముద్దాయి ఆవకాయ జాడీ. విజయవాడ నుంచి వస్తున్నాం, డిక్కీ నిండా అత్తయ్య ఇచ్చిన పచ్చళ్ళు. "మూత కొట్టుకుంటోంది" అంది మా ఆవిడ. కోదాడ దగ్గర ఆపి జాడీకి తువ్వాలు చుట్టాం. పోలేదు. జాకీ తీసి సీటు కింద పెట్టాం, స్టెప్నీ బిగించాం, వెనక సీటు బెల్టు బకిల్ ప్లాస్టిక్‌కి తగులుతోందేమోనని చిన్నది దాన్ని దారి పొడుగునా చేత్తో పట్టుకుని కూర్చుంది. అమ్మ మాత్రం ముందు బంపర్‌కి కట్టిన దిష్టితాడునే అనుమానించి, అంతలోనే లెంపలేసుకుని, "దాన్ని మాత్రం ముట్టుకోకు" అంది. నూనెతో, నల్ల పూసలతో అంత మెత్తగా వేలాడేది టర్ర్ర్ అని ఎలా అంటుంది చెప్పు?

హైదరాబాద్ వచ్చాక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. పేరు రాయను, రాస్తే ఉత్తరం అంతా అదే అవుతుంది. అక్కడి కుర్రాడు టెస్ట్ డ్రైవ్ అని ఎక్కాడు. ఆ వీధిలో నలభై దాటితే గొప్ప. రెండు స్పీడ్ బ్రేకర్లు ఎక్కించి దించి, "లింక్ రాడ్లు పోయాయి సార్" అన్నాడు (చక్రాల సస్పెన్షన్‌లో ఉండే కడ్డీలులే). బాబూ, లింక్ రాడ్ పోతే గుంతల్లో, నెమ్మదిగా పోతున్నప్పుడు టకటకమంటుంది, నాది నున్నటి రోడ్డు మీద, వేగంలోనే వస్తోంది, గుంతలో పడితే కిక్కురుమనదు అని చెప్పాను. "రెండు పక్కలా మారిస్తే మంచిది సార్" అన్నాడు. మార్చారు. నాలుగు వేల పైచిలుకు. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేసుకెళ్ళి చూశాను. పెద్ద గాలేమీ లేదు ఆ రోజు (ఈ ముక్క గుర్తుపెట్టుకో), శబ్దమూ లేదు. సరే, పోయిందేమో అనుకున్నాం.

తర్వాత బాబాయి షష్టిపూర్తికి మళ్ళీ విజయవాడ. అక్కడ ఎవరు కనపడ్డారో చెప్తే నువ్వు... ఉండు, అది చివర్లో. వెళ్ళేటప్పుడు వంద దగ్గర కూడా కారు నిశ్శబ్దంగా ఉంది. నాలుగు లైన్ల హైవే మీద కార్లకి 2018లో పెట్టిన పరిమితి ఆ వందే, నేను దాటను, నీకు తెలుసు. "చూశారా, లింక్ రాడ్లే" అని మా ఆవిడ. తిరుగు ప్రయాణంలో నందిగామ దాటామో లేదో, ఇంకా ఎనభై కూడా కాలేదు, టర్ర్ర్ర్!

నాకు ఎంత ఒళ్ళు మండిందంటే, చిల్లకల్లు టోల్ దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. అక్కడ లైన్లో ఆగి ఉండగా అమ్మ వెనక నుంచి అంది, "పోయేటప్పుడు లేదు కదరా. వచ్చేటప్పుడే ఎందుకు?" అందరం విజయవాడ వెళ్ళేటప్పుడు లేని బరువులు వెతకడం మొదలుపెట్టాం. పసుపు కుంకుమల సంచీ, అరటిపళ్ళ గెల... చిన్నది మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తోంది. రోడ్డు పక్కన పార్టీ జెండాలు వరసగా ఉన్నాయి, అన్నీ మా వైపుకే రెపరెపలాడుతున్నాయి. "డాడీ, గాలి మనకి ఎదురుగా ఉంది" అంది.

ఒరేయ్, నాకు అప్పుడు వెలిగింది! ఈ నెలల్లో పడమటి గాలి ఎలా వీస్తుందో నీకు కొత్తగా చెప్పాలా. విజయవాడ నుంచి హైదరాబాద్ అంటే దాదాపు పడమరకే కదా. ఆ గాలి గంటకి 20 కిలోమీటర్లు అనుకో. నేను వందలో విజయవాడ పోతుంటే అద్దానికి తగిలే గాలి ఎనభైదే. ఎనభైలో తిరిగొస్తుంటే వందది. పైగా గాలి తోపుడు వేగానికి వర్గంగా పెరుగుతుంది, అంటే ఎనభై నుంచి వందకి యాభై శాతం పైనే ఎక్కువ. మన ఫ్లూయిడ్ మెకానిక్స్ మాస్టారు బెర్నూలీ సూత్రం అనగానే నువ్వు తల బల్ల మీద పెట్టేవాడివి, నేను మేలుకుని ఉన్నది ఇందుకన్నమాట.

అంటే ఇంజన్ కాదు, చక్రాలు కాదు. అయినా గట్టి చేసుకోవాలి కదా. రోడ్డు ఖాళీగా ఉన్న చోట శబ్దం వస్తుండగా క్లచ్ నొక్కాను. ఇంజన్ నెమ్మదించి గుర్రు తగ్గింది, టర్ర్ర్ తగ్గలేదు. అదే వేగంలో ఐదో గేరు నుంచి నాలుగుకి దించాను. ఇంజన్ అరిచింది, టర్ర్ర్ ఏమీ పట్టనట్టు అదే శ్రుతిలో ఉంది. సైలెన్సర్ పైన వేడికి అడ్డంగా ఉండే రేకు వదులైనా ఇలాంటి చప్పుడే చేస్తుంది, కానీ అది సాధారణంగా ఇంజన్ తిరుగుడుతో పాటు మారుతుంది. కాబట్టి అదీ కాదు. చక్రం బేరింగ్ అయితే ఊళ పెడుతుంది, మలుపులో బరువు ఆ పక్కకి పడితే మారుతుంది. ఇది మారలేదు.

ఇక కోదాడ దాటాక అసలు రుజువు. ముందు ఆర్టీసీ రాజధాని బస్సు పోతోంది, ఎనభై ఐదు మీద. దాని వెనక చేరాను, మరీ దగ్గరగా కాదులే, అయినా మా ఆవిడ "ఆ బస్సే ఎక్కేద్దామా ఏంటి" అంది. శబ్దం ఆగిపోయింది. స్పీడు మారలేదు, రోడ్డు మారలేదు, ఆగిపోయింది! పక్కకి తీసి బస్సుని దాటబోతే బానెట్ బయటికి రాగానే టర్ర్ర్. మళ్ళీ వెనక్కి తగ్గాను, మౌనం. మళ్ళీ బయటికి, టర్ర్ర్. బస్సు డ్రైవర్ అద్దంలోంచి చూసి వీడికి ఏదో అయిందనుకుని ఉంటాడు. అమ్మ మాత్రం "ఇంకోసారి చెయ్యి" అంది, నిజంగా.

సూర్యాపేటలో టీ ఆగి, హార్డ్‌వేర్ షాపులో మాస్కింగ్ టేప్ కొన్నాను. పెయింటర్లు వాడేది, రంగు పీకదు. బానెట్ అంచు, రెండు సైడ్ మిర్రర్ల మొదళ్ళు, డోర్ల సందులు, ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, అదే బీడింగ్, అన్నిటికీ అంటించేశాం. వైపర్లు, గాలి లోపలికి పోయే జాలీ వదిలేశాను. కారు ఆపరేషన్ అయిన వాడిలా తయారైంది. కొర్లపహాడ్ టోల్ దగ్గర కుర్రాడు తల బయటికి పెట్టి మరీ చూశాడు. హైవే మీద కారు ఎంత మౌనంగా ఉందంటే మాకు మాట్లాడ్డానికి భయమేసింది.

తర్వాత పెట్రోల్ బంకుల్లో ఆగుతూ సగం సగం పీకాం. ముందు ఎడమ పక్క అంతా. మౌనమే. తర్వాత డోర్లు, సైడ్ మిర్రర్. మౌనమే. చౌటుప్పల్ వచ్చేసరికి మిగిలింది నా వైపు ముందు అద్దం అంచున ఉన్న టేప్ ఒక్కటే. అది పీకగానే... ఇక చెప్పాలా.

మర్నాడు హయత్‌నగర్‌లో చెట్టు కింద షెడ్డు ఉన్న ఒక మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. చేత్తో నొక్కి చూశాడు, బీడింగ్ బిగువుగానే ఉంది. నిలబడ్డ కారుకి ఏమీ తెలియదు కదా. నేను ఈ కథంతా చెప్పాను, ఆయన బీడీ ఆర్పి, "గాలితోని వస్తుందంటున్నరు గద సార్, గాలి మన దగ్గర ఉంది గద" అని కంప్రెసర్ పైపు లాక్కొచ్చాడు. అద్దం అంచు పొడుగునా పై నుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చాడు. కింది మూలకి జానెడు పైన బీడింగ్ లేచి టర్ర్ర్ర్ అంది! నిలబడ్డ కారులో! నేను ఆయన్ని కావలించుకోబోయి గ్రీజు చూసి ఆగాను.

జేబులోంచి పాత బస్ టికెట్ తీసి బీడింగ్ కింద దూర్చాడు. మిగతా చోట్ల టికెట్ అంచు కూడా దూరలేదు, ఆ జానెడు మేర మాత్రం సగం లోపలికి పోయింది. వెనక గమ్ లేదు, ఎర్రటి దుమ్ము ఉంది. ఫిబ్రవరిలో టిప్పర్ నుంచి రాయి ఎగిరి అద్దం పగిలిందని చెప్పాను కదా, కొత్త అద్దం వేసిన చోట పాత బీడింగే మళ్ళీ పెట్టి, ఆ మూల గమ్ రాయకుండా వదిలేశారు. ఫాస్టాగ్ చిరిగిపోయి కొత్తది తీసుకోవాల్సి వచ్చినప్పుడే ఆ షాపు మీద నాకు మంటగా ఉంది. వేసవి ఎండకి రబ్బరు ఇంకాస్త లేచింది. అద్దం మీద నుంచి గాలి పక్కకి తిరిగి పిల్లర్ (అద్దానికీ డోరుకీ మధ్య ఉండే నిలువు కమ్మీ) దాటే చోట పీడనం పడిపోతుంది, రబ్బరుని బయటికి పీలుస్తుంది. బండి ఆగితే బుద్ధిగా వెనక్కి కూర్చుంటుంది. ఆ అదురు పిల్లర్ గుండా డాష్‌బోర్డ్ అంతా పాకేది, అందుకే రోజుకో చోట నుంచి వినపడింది.

నవ్వుతూ ఉన్నవాణ్ణి, ఒక్కసారి కడుపులో చల్లబడిందిరా. బీడింగ్‌కే గమ్ రాయని వాళ్ళు అద్దానికి సరిగ్గా రాశారా? పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ డాష్‌బోర్డ్ పైనుంచి లేచి ఆ అద్దానికి ఆనుకునే తెరుచుకుంటుంది. అద్దం ఊడితే అది ఎటు పోతుందో! ఆ సీట్లో కూర్చునేది మా ఆవిడ, ఒక్కోసారి అమ్మ. మేస్త్రి పైపుతో నీళ్ళు కొట్టాడు, లోపల చుక్క రాలేదు. అయినా నాకు మనసొప్పక, అద్దాల పని ఒక్కటే చేసే ఇంకో ఆయనకి చూపించాను. ఆయన ఓ పక్క బీడింగ్ లేపి లోపలి గమ్ వరస అంతా టార్చి వేసి చూసి, అద్దం గట్టిగానే ఉందన్నాడు. ఆ రోజు రాత్రి పడుకున్నాను కాస్త.

మేస్త్రి మాత్రం దుమ్మంతా స్పిరిట్‌తో తుడిచి, సీలెంట్ పెట్టి, పైన టేప్ వేసి "రేపటి దాంక తియ్యకున్రి" అన్నాడు. రెండొందలు అడిగాడు. ఐదొందలు ఇస్తే మూడొందలు తిరిగి చేతిలో పెట్టాడు. మొన్న ఆదివారం మంచి ఎదురుగాలి చూసుకుని సూర్యాపేట నుంచి వచ్చాం, ఒక్క చప్పుడు లేదు. సర్వీస్ సెంటర్ వాళ్ళు ఫోన్ చేసి పదికి ఎన్ని మార్కులు ఇస్తారని అడిగితే, పాత లింక్ రాడ్లు నాకు ఇచ్చేయండి, అప్పుడు చెప్తాను అన్నాను. ఇంకా ఇవ్వలేదు.

నీ బండికి ఆ మధ్య ఏదో చప్పుడు అన్నావు, టేప్ పెట్టి చూడు, కానీ సౌదీలో మీ దమ్మామ్ ఎండకి గమ్ కరిగి రంగుకి పట్టుకోకుండా అదే రోజు తీసెయ్. షష్టిపూర్తి సంగతి కదా, ఎవరొచ్చారంటే, మన పాలిటెక్నిక్‌లో నీ హాల్ టికెట్ దాచినవాడు! ఇప్పుడు పెద్ద గుండు, మెళ్ళో రుద్రాక్షలు. నన్ను చూడగానే మొట్టమొదట అడిగింది నీ గురించే, ఏమన్నాడంటే... అమ్మో, ఏడున్నర! చిన్నది కోచింగ్ గేటు దగ్గర నిలబడి ఉంటుంది. మిగతాది తర్వాత రాస్తాను, ఒట్టు.

నీ
బాబ్జీ