సుబ్బూ, ముందు మెయిల్ సంగతి చూడు

ఒరేయ్ సుబ్బూ,

షాపింగ్ యాప్‌వాళ్ల నుంచి నీకొచ్చిన మెయిల్ స్క్రీన్‌షాట్ చూశాను. "మీ వివరాలు కొన్ని ఇతరుల చేతికి చేరి ఉండవచ్చు, మీ భద్రతే మాకు ముఖ్యం" అట! లీకైంది ఎప్పుడో, వీళ్లు చెప్పింది ఇప్పుడు. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు. ఇలాంటి మెయిళ్లు ఎవరు రాస్తారో గానీ, అంతా చదివాక ఏం పోయిందో తెలియదు, ఏం చెయ్యాలో అసలే తెలియదు. నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను ఇక్కడ బెంగళూరులో మారతహళ్లి బ్రిడ్జి దగ్గర హారన్ల మధ్య ఇరుక్కుని ఉన్నాను, ఒక్క ముక్క కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చో, చాలా ఉంది.

ఆ షాపింగ్ యాప్‌లో అకౌంట్ తీసేస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదురా. పోయిన కాపీ ఎలాగూ పోయింది. అక్కడ పెట్టిన పాస్‌వర్డే ఇంకా ఎక్కడెక్కడ పెట్టావో ముందు అది గుర్తు తెచ్చుకో. నాకు తెలుసులే, కాలేజీ రోజుల నుంచీ నీది ఒకటే పాస్‌వర్డు. ఊరి పేరు, పక్కన ఒక గుర్తు, ఆ తర్వాత 123. బ్యాంకువాడు ఒప్పుకోకపోతే మొదటి అక్షరం పెద్దది చేస్తావు. మన బ్యాచ్‌లో సగం మందిది ఇదే పద్ధతి.

దొంగ కూర్చుని నీ పేరు మీద ఒక్కో సైటూ తెరిచి చూడడు. లీకైన మెయిల్ ఐడీలూ పాస్‌వర్డులూ జతలుగా ఒక ప్రోగ్రాముకి అప్పగిస్తాడు. అది తెల్లారేలోపు వాటిని ఎన్నో సైట్లలో కొట్టి చూస్తుంది. దీన్నే క్రెడెన్షియల్ స్టఫింగ్ అంటారు. నువ్వెవరో వాడికి తెలియక్కర్లేదు, ఒక్కచోట తలుపు తెరుచుకుంటే చాలు.

ఇది మనలాంటి వాళ్లకే జరుగుతుందనుకోకు. 2012లో లింక్డిన్ నుంచి పాస్‌వర్డులు పోయాయి. మొదట 65 లక్షలే అనుకున్నారు. నాలుగేళ్ల తర్వాత, 2016లో, 11 కోట్ల 70 లక్షల అకౌంట్ల వివరాలు అమ్మకానికి వచ్చాయి. ఆ ఏడాదే ఫేస్‌బుక్ జుకర్‌బర్గ్ ట్విటర్, పింటరెస్ట్ అకౌంట్లలోకి ఎవరో దూరారు. ఆయన లింక్డిన్ పాస్‌వర్డు "దాదాదా" అనీ, దాంతోనే లోపలికి వెళ్లామనీ వాళ్లే చెప్పుకున్నారు. అంతకన్నా పెద్ద గొడవ డ్రాప్‌బాక్స్‌ది, జనం ఫైళ్లు ఆన్‌లైన్లో దాచుకునే కంపెనీ అది. అక్కడి ఉద్యోగి ఒకడు బయట ఎక్కడో వాడిన పాస్‌వర్డునే ఆఫీసు అకౌంటుకీ వాడాడు. అది దొంగల చేతిలో పడింది, ఆ తర్వాత 6 కోట్ల 80 లక్షల మంది డ్రాప్‌బాక్స్ వివరాలు బయటికొచ్చాయి. ఆ కంపెనీకి ఉన్న సెక్యూరిటీ ఎంత, చివరికి బోల్తా కొట్టింది ఎక్కడ!

నీకొచ్చిన మెయిల్ చివర "పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ చేసి ఉన్నాయి, కంగారు వద్దు" అని ఉంది చూడు, ఆ మాటతో నిశ్చింతగా పడుకోకు. పద్ధతిగా నడిచే కంపెనీ పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచదు. దాన్ని గజిబిజి అక్షరాల వరసగా మార్చి దాస్తుంది, హ్యాష్ అంటారు. ఆ వరస నుంచి అసలు పాస్‌వర్డు వెనక్కి రాదు, నిజమే. కానీ దొంగకి వెనక్కి తెచ్చే పనేముంది? జనం మామూలుగా పెట్టుకునే పాస్‌వర్డులన్నీ తీసుకుని, ఒక్కొక్కదాన్నీ అలాగే మార్చి, ఏది సరిపోలిందో చూసుకుంటాడు. నీ ఊరిపేరు 123 క్షణం కూడా ఆగదు. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు హ్యాష్ కూడా లేకుండా బయటపడ్డాయి. అందులో ఎక్కువమంది పెట్టుకున్నది ఏంటో తెలుసా? 123456. ఆ జాబితా ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది.

సరే, ఇప్పుడు పని. మొదట ఈమెయిల్. బ్యాంకు కన్నా ముందు ఈమెయిల్. ఏ సైటులోనైనా పాస్‌వర్డు మర్చిపోయానని నొక్కితే లింకు ఎక్కడికొస్తుంది? మెయిల్‌కే కదా. అది వాడి చేతిలో ఉంటే మిగతావన్నీ వాడే మార్చుకుంటాడు, నువ్వు బయట నిలబడి చూడాలి. కొత్త పాస్‌వర్డు పెట్టడంతో ఆగిపోకు. లోపల ఇంకో మూడు చోట్ల చూడాలి.

పోయిన ఆదివారం మా పక్క ఫ్లాట్‌లో ఉండే నెల్లూరు కుర్రాడి జీమెయిల్ తెరిపించాను. "మీ పరికరాలు" అన్నచోట చూస్తే అతని ఫోనూ, ఆఫీసు లాప్‌టాపూ కాక, పీజీలో ఉన్నప్పుడు రూమ్మేట్ దగ్గర అడిగి తీసుకున్న కంప్యూటర్ ఇంకా లాగిన్ అయ్యే ఉంది. రికవరీ నంబరు, అంటే పాస్‌వర్డు మర్చిపోతే ఓటీపీ వెళ్లే నంబరు, చూస్తే 85తో ముగిసేది. "ఇదెవరిది బాబూ?" అన్నాను. కాసేపు పైకి చూసి, "నా పాత ఆంధ్రా సిమ్ అన్నా, ఇక్కడికొచ్చాక రీఛార్జ్ మానేశాను" అన్నాడు. వాడకం ఆగిపోయిన నంబరును కనీసం 90 రోజులు పక్కనపెట్టి, ఆ తర్వాత కంపెనీ వేరేవాళ్లకి ఇవ్వొచ్చు. అంటే అతని మెయిల్ తలుపు తీసే ఓటీపీ ఏ అనంతపురంలోనో ఎవరో తెలియని మనిషికి వెళ్తుందన్నమాట. బెంగళూరు వచ్చి కర్ణాటక నంబరు తీసుకున్న మనవాళ్లలో చాలామందికి ఇదే కథ ఉంటుందని నా అనుమానం. నీదీ చూసుకో, నువ్వు హైదరాబాద్‌లో వాడిన నంబరు ఎక్కడైనా మిగిలి ఉంటుంది. మూడోది, సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు. ఒకసారి లోపలికొచ్చిన దొంగ నీ మెయిళ్ల కాపీ తనకి వచ్చేలా అక్కడ ఒక ఏర్పాటు చేసి పోతాడు. నువ్వు పాస్‌వర్డు మార్చినా అది అలాగే ఉంటుంది. నువ్వు పెట్టనిది ఏది కనిపించినా తీసెయ్.

ఆ తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చెయ్యి, అంటే పాస్‌వర్డు కొట్టాక ఇంకో కోడు కూడా అడుగుతుంది. ఎస్సెమ్మెస్ ఓటీపీ ఏమీ లేకపోవడం కన్నా మేలే, కానీ నీ పేరు మీద డూప్లికేట్ సిమ్ తీసుకున్నవాడికి ఆ ఓటీపీలన్నీ వెళ్తాయి. అథెంటికేటర్ యాప్ పెట్టుకుంటే కోడు నీ ఫోన్లోనే పుడుతుంది, సిమ్‌తో సంబంధం లేదు. బ్యాకప్ కోడ్లు ఇస్తారు, కాగితం మీద రాసి బీరువాలో పెట్టు. ఫోన్ పోయిన రోజున అవే దిక్కు. పాస్‌కీ అని అడిగితే ఒప్పుకో, పాస్‌వర్డు బదులు నీ ఫోన్ లాకో వేలిముద్రో తోనే లోపలికి వెళ్లడం అన్నమాట, అది ఇంకా మంచిది. దొంగ సైటులో పొరపాటున కొడదామన్నా కుదరదు, అసలు సైటుకి తప్ప పని చెయ్యదు.

ఇన్ని పాస్‌వర్డులు ఎవడు గుర్తుపెట్టుకుంటాడ్రా అంటావు. ఎవడూ పెట్టుకోలేడు. పాస్‌వర్డులన్నీ తనే దాచిపెట్టే బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ ఉచితంగానే దొరుకుతుంది, లేదంటే ఫోన్లో ఉన్నదే వాడు. దానికి మాత్రం ఒక్క గట్టి పాస్‌వర్డు నువ్వు గుర్తుంచుకోవాలి. ఒకదానికొకటి పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా రాసుకో. ఏ పాత వారపత్రికో తెరిచి కళ్లు మూసుకుని వేలు పెట్టు, ఏ మాట తగిలితే అది. పాట పల్లవులు, సామెతలు, పిల్లల పేర్లు వద్దు. బాబాయ్ లాంటి పెద్దవాళ్లకి యాప్ అంటే టెన్షన్, ఆయన డైరీలో రాసుకుంటానంటే రాసుకోనీ. రష్యాలో కూర్చున్న దొంగ మీ ఇంటి బీరువా తెరవలేడు. ఈ మాట మా ఆఫీసులో అంటే కొందరు మొహం చిట్లిస్తారు గానీ, అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డు పెట్టడం కన్నా డైరీ వంద రెట్లు నయం.

నీ మెయిల్ ఇంకే లీకుల్లో ఉందో చూడాలంటే హ్యావ్ ఐ బీన్ పౌన్డ్ అనే సైటుంది. ట్రాయ్ హంట్ అని ఆస్ట్రేలియా ఆయన 2013లో మొదలుపెట్టాడు. మెయిల్ ఐడీ కొడితే చాలు. మా ఊరి కంపెనీ బిగ్‌బాస్కెట్ నుంచి 2020లో బయటపడ్డ 2 కోట్ల పైచిలుకు అకౌంట్లు కూడా అందులో ఉన్నాయి. అందులో నీ మెయిల్ కనిపించకపోతే ఏ లీకూ జరగలేదని కాదు, అది గుర్తుంచుకో.

నన్నడిగితే పాస్‌వర్డు కన్నా ఇప్పుడు నీకు ఎక్కువ ప్రమాదం ఫోన్ కాల్. పేరు, అడ్రసు, నంబరు, పోయిన నెల నువ్వు కొన్న మిక్సీ, అన్నీ వాళ్ల దగ్గర ఉన్నాయి. "సుబ్బారావు గారేనా, మీ ఆర్డరు రీఫండ్ ఆగిపోయింది" అంటారు. ఇన్ని వివరాలు తెలిశాయంటే కంపెనీవాళ్లే అయ్యుంటారని నమ్ముతాం. ఇక్కడైతే హిందీలో మొదలుపెడతారు, నేను పలక్కపోతే కన్నడలోకి, చివరికి మన తెలుగులోకి దిగుతారు. ఓటీపీ, యూపీఐ పిన్ అడిగితే ఏమీ చెప్పకుండా ఫోన్ కట్ చెయ్. నీ స్క్రీన్ వాళ్లకి కనిపించే యాప్ వేసుకోమంటే కూడా అంతే. డబ్బు వచ్చేటప్పుడు పిన్ కొట్టే పని అసలు ఉండదు.

ఒకవేళ డబ్బు పోతే మాత్రం ఏడుస్తూ కూర్చోకు, వెంటనే బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చెయ్. 2017లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, నీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మధ్యలో ఎక్కడో జరిగిన మోసమైతే, బ్యాంకు నుంచి కబురు వచ్చిన మూడు పనిదినాల్లోపు చెప్తే నీ మీద భారం పడదు. నువ్వే ఓటీపీ చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం నీదే. అందుకే ఓటీపీ గురించి అంత చెప్పేది.

కేసు వెయ్యొచ్చా అని కూడా అడిగావు కదూ. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, జాగ్రత్త తీసుకోని కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా పడొచ్చు. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకి వెళ్తుంది, నీ మిక్సీకి రాదు. కాబట్టి ఆ ఆశ మానేసి రాత్రికి మెయిల్ పని పూర్తి చెయ్. ఎక్కడైనా ఆగితే పది తర్వాత ఫోన్ చెయ్, అప్పటికి ఇల్లు చేరతాను. బాబాయ్ ఫోన్లో 1930 సేవ్ చేసి, వాట్సాప్‌కి పిన్ పెట్టు. చెల్లెమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా ఖాళీ అయిందని చెప్పు, వివరంగా చెప్పక్కర్లేదు, ఆమెకి అర్థమవుతుంది.

నీ,
రవి