గుడి వీధుల్లో నడిచేవాళ్లకి ఎప్పటికీ ఉండే నీడ కావాల

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎండాకాలం వస్తే తిరుపతిలో అక్కడక్కడా చలువ పందిళ్లు వేస్తారు, వానలు పడేసరికి తీసేస్తారు. మంచి పనే, కాదనను. కానీ ఆ నీడ ఏడాది పొడుగునా ఉండేటట్టు ఊరినే కట్టుకున్నోళ్లు ఉండారు. ఇటలీలో బొలోన్యా అని, మా అమ్మాయి అక్కడ చదువుతా ఉంటే చూడ్డానికి పోయి ఒక దినమంతా ఆ ఊరు కాలినడకన తిరిగినాము. ఆ సంగతి మన ఊరోళ్లకి తెలియాలనే ఈ ఉత్తరం రాస్తా ఉండాను.

అక్కడ పాత వీధుల్లో ఏ పక్క చూసినా ఇళ్ల ముందర వరసగా స్తంభాలు, స్తంభాల మీద మేడ గదులు, వాటి కింద జనం నడిచే దారి. పోర్టికో అంటారు. ఊరు మొత్తం మీద 62 కిలోమీటర్లు ఉండాయి, 2021లో యునెస్కో వాళ్లు వరల్డ్ హెరిటేజ్ లిస్టులో కూడా చేర్చినారు. ఇదెట్లా వచ్చిందంటే, అక్కడి యూనివర్సిటీ 1088లో మొదలైంది అంటారు, చదువుకోను వచ్చే పిల్లోళ్లు, పనులకోసం వచ్చేవాళ్లు ఎక్కువై ఇళ్లు చాలకపోతే జనం మేడ మీద గదుల్ని రోడ్డు మీదికి పెంచుకుంటా పోయినారు, అవి కూలకుండా కింద కట్టె స్తంభాలు నిలబెట్టినారు. ఊరి పెద్దలు వాటిని కొట్టేయకుండా 1288లో చట్టమే చేసినారు, ఇల్లు కట్టేవాళ్లు ముందర పోర్టికో పెట్టాల్సిందే, జాగా ఇంటాయనదే, రిపేర్లూ ఆయనవే, కానీ కింద నడిచే హక్కు మాత్రం అందరిదీ. గుర్రం మీద కూర్చున్న మనిషి పోయేంత ఎత్తు, అంటే 2.66 మీటర్లన్నా ఉండాలని లెక్క పెట్టినారు. 1568లో కట్టెవి తీసి ఇటుకతోనో రాయితోనో కట్టమన్నారు, అయినా కొన్ని కట్టెవి ఇంకా నిలిచి ఉండాయి, కోర్తే ఇసోలానీ అనే చోట ఆ పాత దూలాల్ని తల ఎత్తి చూస్తా చాలాసేపు నిలబడిపోయినాను.

మనకి ఇంకా దగ్గరగా అనిపించేది శాన్ లూకా కొండ. కొండ మీద మేరీమాత గుడి, ఊరి గేటు నుంచి కొండపైదాకా పోర్టికోనే, దగ్గర దగ్గర 3.8 కిలోమీటర్లు, 666 కమాన్లు, 1674లో మొదలుపెట్టి ఏండ్ల తరబడి కట్టినారు. 1433లో వానలు ఆగకుండా పడి పంటలు పోతా ఉంటే అమ్మవారి పటాన్ని ఊరేగింపుగా కిందికి తెచ్చినారంట, వాన నిలిచిందని వాళ్ల నమ్మకం, అప్పట్నించి ఏటా ఊళ్లోకి తెచ్చి మళ్లీ కొండకి తీసకపోతారు. ఆ ఊరేగింపు తడవకూడదని, ఎక్కే భక్తులకి ఎండా వానా తగలకూడదని ఆ కప్పు. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కే మనకి ఇది ఒకరు చెప్పాల్నా, కప్పు కింద ఎక్కేదానికీ ఎండలో ఎక్కేదానికీ తేడా మన కాళ్లకే తెలుసు.

మిగతావి తొందరగానే చూసినాము. మజోరే స్క్వేర్ లో 1390లో మొదలుపెట్టి ఇప్పటికీ ముందరి గోడ పూర్తి కాని పెద్ద చర్చి ఉండాది, దాని లోపల నేలమీద 1655లో కస్సీని అనే శాస్త్రజ్ఞుడు గీయించిన 66 మీటర్ల పైచిలుకు గీత, పైనుంచి సన్నటి వెలుగు మధ్యాన్నం ఆ గీత మీద పడతాది. అది మాత్రం పిల్లలకి తప్పకుండా చూపించాల. పాత టవర్లు రెండు, పెద్దది 97 మీటర్లు, చిన్నది బాగా ఒరిగిపోయింది.

తిండి సంగతికొస్తే శాకాహారులు జాగ్రత్తగా వినండి. అక్కడి పాస్తాలో కోడిగుడ్డు కలిపి పిండి పిసుకుతారు, కర్రతో ఆడవాళ్లు మన చపాతీ మాదిరి పల్చగా పెద్దగా ఒత్తేది చూస్తే ముచ్చటేస్తాది. పార్మెజాన్ చీజ్ దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ తో పాలు విరగ్గొట్టి చేస్తారు. ఇది మా అమ్మాయి ముందే చెప్పింది కాబట్టి నేను టమోటా, వెల్లుల్లి వేసిన చీజ్ లేని మారినారా పిజ్జా తిన్నాను, చాలా బాగుండాది. మా ఇంటాయన అన్నీ తింటారు, ఆయన తాలియతెల్లె అని వెడల్పు పాస్తా, మాంసం గ్రేవీతో తిన్నారు. ఆ పాస్తా ఉడికినాక 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలని 1972లో బంగారంతో కొలత చేయించి వ్యాపారుల చాంబర్ లో దాచినారంట, మన లడ్డూకి జీఐ గుర్తింపు ఉన్నట్టు వాళ్లకి ఆ పాస్తా. బేరాలన్నీ ఆ స్తంభాల కిందే, అంగళ్లు, కాఫీ, ఐస్ క్రీమ్, ఎండలో జనం ఆగరు గానీ నీడలో నిలబడి కొంటారు కదా.

అంగళ్లోళ్లు జాగా పోతాదని భయపడతారు, నాకు తెలుసు. అందుకే అక్కడి పద్ధతి మనకి పనికొస్తాదంటున్నాను, కింద నడిచేదానికి వదిలిన జాగాకి సరిసమానంగా పైన గది కట్టుకోనిస్తే ఎవరికీ నష్టం లేదు. మన పాత ఇళ్ల ముందర కూడా తిన్నెలు, పంచలు ఉండేవి, దారినపోయేవాళ్లు కూర్చునేవాళ్లు, షట్టర్లు వచ్చినాక అవి పోయినాయి. ఇప్పుడు గుండు చేయించుకోను, కాళ్లకి చెప్పులు లేకుండా, చంకలో బిడ్డతో రైలు దిగి వచ్చే ఆడమనిషి బండ్ల మధ్యలో ఆ తారురోడ్డు మీదే నడవాల.

రైల్వేస్టేషన్ నుంచి గోవిందరాజస్వామి గుడి దాకా ఉండే వీధుల్లో ఒక్కటన్నా తీసుకుని, కొత్త బిల్డింగులకి ప్లాన్ ఇచ్చేటప్పుడే ముందర కప్పు ఉన్న నడక దారి వదలాలని రూలు పెట్టమని, పైన గదికి పర్మిషన్ ఇవ్వమని అధికారుల్ని కోరుతా ఉండాను. గాంధీ రోడ్డు వ్యాపారులు కూడా దీనిమీద మీ పేపర్ కి రాస్తే బాగుంటాది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తిరుపతి