ప్రిన్సిపాళ్ల ఊసేదీ?

సంపాదకులకు,

చెన్నై మహిళా కళాశాలలపై మీ వ్యాసంలో భవనాల ఫొటోలే ఎక్కువ, వాటిని నడిపినవాళ్ల ఊసే లేదు. మెరీనా ఎదురుగా ఉన్న క్వీన్ మేరీస్‌నే తీసుకోండి. 1914లో మొదలైనప్పటి నుంచి 1936 దాకా ప్రిన్సిపాల్ ఒక్కరే, డొరొతీ డి లా హే. ఆడపిల్లను పై చదువుకు పంపాలంటే ఇంట్లోవాళ్లు జంకే రోజులవి. పాఠాలకన్నా ముందు తల్లిదండ్రులకు నమ్మకం కలిగించాలి. ఉమ్మడి మద్రాసు రాష్ట్రం కదా, మన తెలుగు జిల్లాల అమ్మాయిలూ డిగ్రీకి మద్రాసు వచ్చేవారు. 2003లో సచివాలయం కోసం ఈ కాలేజీని కూల్చబోతే విద్యార్థినులు ఊరుకోలేదు, పోరాడి నిలబెట్టుకున్నారు. అదైనా రాయాల్సింది! వచ్చే వారం ప్రిన్సిపాళ్ల గురించి ఒక పేజీ ఇవ్వండి. ఫొటోలు తగ్గినా ఫర్వాలేదు.

– ఒక పాఠకురాలు, మైలాపూర్, చెన్నై