పుట్టినరోజుకు గడియారం తగిలించకండి: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా చెల్లెలి కొడుకు 2016 జులై 15న పుట్టాడు. ఆన్‌లైన్ దరఖాస్తులో చెల్లెలు 15 మీదే నొక్కింది. చేతికొచ్చిన ధ్రువపత్రంలో 14 ఉంది. "మీరే తప్పు కొట్టుంటారమ్మా" అన్నారు కౌంటర్లో. అది దిద్దించడానికి నోటరీ అఫిడవిట్ పట్టుకుని మూడుసార్లు బస్సెక్కింది. పొరపాటు తనదేనని ఇప్పటికీ బాధపడుతోంది.

నేను వెబ్ ప్రోగ్రామర్‌ని. ఆ 14 చూడగానే సంగతి అర్థమైంది. వెబ్ పేజీలు నడిపే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో తేదీలు చూసుకునే పాత సాధనం, డేట్ ఆబ్జెక్ట్‌కు, ఉత్త తేదీ అంటే తెలియదు, గంటా నిమిషం కూడా ఉండాల్సిందే. 15 నొక్కితే మన అర్ధరాత్రి 00:00గా తీసుకుంటుంది. సర్వర్‌కు పంపేముందు దాన్ని యూటీసీలోకి, అంటే ప్రపంచమంతా ప్రమాణంగా వాడే సమయంలోకి, మారుస్తారు. మనం ఐదున్నర గంటలు ముందున్నాం కనుక అది 14వ తేదీ 18:30 అవుతుంది. సర్వర్ గంటలు కత్తిరించి తేదీ ఒక్కటే దాచుకుంటుంది. యూటీసీలో పెట్టిన కంప్యూటర్ మీద పరీక్షిస్తే ఈ తప్పు కనిపించనే కనిపించదు.

కొందరు ఐదున్నర గంటలు కలిపేసి సరిచేశామంటారు. నాకు ఎక్కువ భయం ఆ అతుకు గురించే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 దాకా, మన గడియారాలను ఇంకో గంట ముందుకు జరిపారు. బ్రౌజర్లకు ఆ చరిత్ర తెలుసు. 1944 జనవరి 10న పుట్టిన పెద్దావిడ తేదీ 9వ తేదీ 17:30గా వెళ్తుంది. ఐదున్నర కలిపినా 9వ తేదీ రాత్రి 11 గంటలే. ఎనభై దాటిన ఆవిడకు పింఛను దగ్గర "తేదీ కలవలేదు" అని చెబితే ఏ కౌంటర్లో నిలబడి వాదిస్తుంది?

అందుకే టెండర్ షరతుల్లోనే రాయించండి: పుట్టిన తేదీని 2016-07-15 అని రాసింది రాసినట్టే పంపాలి, డేటాబేస్‌లో టైమ్‌స్టాంప్‌గా (గంటా నిమిషంతో సహా) కాక డేట్‌గానే (ఉత్త తేదీగా) దాచాలి. దరఖాస్తు గడువు వేరే సంగతి. అది ఒక క్షణం, దానికి +05:30 (యూటీసీకి మనం ఐదున్నర గంటలు ముందు అనే గుర్తు) ఉండి తీరాలి. పరీక్షలు మన టైమ్‌జోన్‌లోనూ, అమెరికాలోని డాలస్ టైమ్‌జోన్‌లోనూ జరగాలి. అక్కడి గడియారం యూటీసీకి వెనక ఉంటుంది కనుక, అక్కడి మనవాళ్లకు సరిగ్గా దాచిన 15 కూడా తెరమీద 14గా కనిపించే ప్రమాదం ఉంది.

ఇప్పటికే తప్పుపడ్డవాటిని కాగితం రిజిస్టర్లతో పోల్చి చూడమని ఆదేశించండి. సరిగ్గా ఒక్కరోజు వెనక్కి పోయిన తేదీలను రుసుము, అఫిడవిట్ అడగకుండా మీ శాఖే దిద్ది, ఆ కుటుంబాలకు కబురు పంపాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వెబ్ ప్రోగ్రామర్