బోర్డు పోయిందని చెప్పే ముందు బల్ల మీద పెట్టి చూపించండి

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో ఇరవై రెండేళ్లుగా చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, కోర్టు అఫిడవిట్లు, పిల్లల ప్రాజెక్టు రికార్డులు నా పని. నా పాత కంప్యూటర్ 2014లో కొన్నది, నాలుగో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్‌ది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ అయినా ఉండాలి, భాగాలన్నీ కూర్చునే మదర్‌బోర్డులో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. నాలాంటి సెంటర్లవాళ్లు, చిన్న ప్రెస్సులవాళ్లు చాలామంది ఇప్పుడు కొత్త మిషన్ల కోసం విజయవాడ వెళ్తున్నారు. వాళ్లలో ఒక్కరైనా నాలా పన్నెండు రోజులు పోగొట్టుకోకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

విజయవాడలో ఒక దుకాణంలో విడిభాగాలు కొన్నాను. మొత్తం బిల్లు దాదాపు యాభై వేలు. ఐ5-12400 ప్రాసెసర్ తీసుకున్నాను. పేరు చివర ఎఫ్ అక్షరం లేనిది అడిగి మరీ తీసుకున్నాను, ఎందుకంటే ఎఫ్ ఉన్న రకంలో తెరకు బొమ్మ పంపే భాగం ఉండదు, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాలి. నా పాత ప్రింటర్లకు కార్డులు పెట్టుకోవడానికి స్లాట్లు ఎక్కువ కావాలి కాబట్టి చిన్న బోర్డు కాకుండా పూర్తి సైజు బోర్డు ఎంచుకున్నాను. క్యాబినెట్‌ను మీ బోర్డుకు సరిచేసి ఇచ్చామని దుకాణంలో చెప్పారు. ఆ మాట నమ్మి, ఇంటికి తెచ్చి నేనే బిగించాను.

బటన్ నొక్కాను. ఫ్యాన్లు అర చుట్టు తిరిగి ఆగిపోయాయి. మళ్లీ నొక్కితే ఏ కదలికా లేదు. వెనుక ఎస్‌ఎంపీఎస్ (మెయిన్ కరెంటును కంప్యూటర్‌కు తగిన వోల్టులుగా మార్చి ఇచ్చే డబ్బా) స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి, తిరిగి వేసి నొక్కితే మళ్లీ ఆ అర చుట్టే. ఎన్నిసార్లు చేసినా అంతే.

ఈ లక్షణాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోగం పేరు అందులోనే ఉంది. బటన్ నొక్కినా ఏమాత్రం చలనం లేకపోతే ముందు చూడవలసినవి కరెంటు, ఎస్‌ఎంపీఎస్, బటన్ వైర్లు. ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతూ తెర మాత్రం వెలగకపోతే ర్యామ్ సరిగా కూర్చోలేదేమో, ప్రాసెసర్ పక్కన ఉండే ఎనిమిది పిన్నుల ప్లగ్గు పెట్టలేదేమో చూడాలి. ఈ రెండూ కాకుండా ఒక్క క్షణం కదిలి ఆగిపోయి, వెనుక స్విచ్ ఆపి వేసేదాకా మళ్లీ కదలనిదంటే, ఎక్కడో షార్ట్ ఉంది, దాన్ని గమనించి ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోంది అని ముందుగా అనుమానించాలి. నాది ఈ మూడో రకం.

మా నాన్నగారు ఈ ఊళ్లోనే రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసేవారు. ఆయన ముల్లు మీటరు ఇప్పటికీ నా దగ్గర పనిచేస్తుంది. దానితో ముందు ఎస్‌ఎంపీఎస్‌ను పరీక్షించాను. 24 పిన్నుల ప్లగ్గులో ఊదా రంగు వైరు మీద, కంప్యూటర్ ఆపి ఉన్నా, మెయిన్ కరెంటు ఉన్నంతసేపూ 5 వోల్టులు ఉండాలి. ఉన్నాయి. తర్వాత స్విచ్ ఆపి, బోర్డు నుంచి ప్లగ్గులన్నీ తీసేసి, ఆకుపచ్చ వైరును పక్కనున్న నల్ల వైరుతో చిన్న తీగ ముక్కతో కలిపి, అప్పుడు స్విచ్ వేశాను. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను ఆగకుండా తిరిగింది. పసుపు మీద 12, ఎరుపు మీద 5, నారింజ మీద 3.3 వోల్టులు వచ్చాయి. (వైర్లన్నీ నలుపే ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లూ వస్తున్నాయి. అలాంటప్పుడు పిన్నుల పటం చూడకుండా ఈ పని చేయవద్దు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకండి. కరెంటు తీసేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ మిగిలి ఉంటుంది.)

అయినా నా బిగింపులో తప్పు ఉందేమోనని అన్నీ తీసుకుని మళ్లీ దుకాణానికి వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నాయన నాతో మాట్లాడకుండా, తోడు వచ్చిన మా అబ్బాయితో మాట్లాడారు. వాడికి పదిహేనేళ్లు. మొదట "మీ ఊరి కరెంటు వల్ల కాలిపోయి ఉంటుంది" అన్నారు. తర్వాత క్యాబినెట్ మూత తీసి, వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించి బటన్ నొక్కారు. అదే అర చుట్టు. "చూశారుగా, బోర్డు పోయింది. కంపెనీ సర్వీసుకు పంపితే మూడు వారాలు పడుతుంది. వాళ్లకు ఏదైనా గీత కనిపిస్తే వారంటీ ఇవ్వరు. తొందరగా కావాలంటే ఇంకో బోర్డు కొనుక్కోండి. ఇవి ఆడవాళ్లు ఇంట్లో బిగించుకునే వస్తువులు కావమ్మా" అన్నారు. ఆ మాటలన్నీ కాగితం మీద రాసి ఇవ్వమని అడిగాను. ఇవ్వలేదు.

కరెంటు గురించి ఆయన అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు. మా గదిలో మూడు పిన్నుల సాకెట్ ఉంది గానీ ఎర్త్ వైరు లేదు. క్యాబినెట్‌ను ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది, టెస్టర్ పెడితే వెలిగేది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ రేకుకు కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే మన 230 వోల్టులలో సగం దాకా ఆ రేకు మీదే తేలుతుంది. మర్నాడే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ వేయించాను. జివ్వుమనడం ఆగింది. కంప్యూటర్ మాత్రం లేవలేదు.

ఇంతలో చేతిలో రెండు శుభలేఖలు, ఒక పెద్దకర్మ కార్డు ఉన్నాయి. పెళ్లివారిని నాలుగు రోజులు ఆగమని బతిమాలవచ్చు. పెద్దకర్మ కార్డు అడిగిన మనిషిని ఏమని ఆగమంటాను? వేరే సెంటర్‌కు పంపించాను. ఇరవై రెండేళ్లలో పని వెనక్కి పంపడం అదే మొదటిసారి.

ఆ రాత్రి బోర్డును క్యాబినెట్ నుంచి పూర్తిగా బయటికి తీశాను. దాని అట్టపెట్టెనే బల్ల మీద పెట్టి, పైన బోర్డు ఉంచాను. ప్రాసెసర్, దాని ఫ్యాను, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో ఒకే ఒక్క ర్యామ్, 24 పిన్నులు, 8 పిన్నులు, తెర. ఇంకేమీ లేవు, హార్డ్ డిస్కు కూడా లేదు. బటన్ లేదు కాబట్టి, బటన్ వైర్లు పెట్టే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపాను. అలా కలిపితే ప్రమాదమేమీ లేదు, బటన్ చేసేదీ అదే.

ఫ్యాను తిరిగింది. ఆగలేదు. బోర్డు అంచున ప్రాసెసర్, ర్యామ్, తెర, డిస్కు పేర్లతో నాలుగు చిన్న దీపాలున్నాయి. మొదటి మూడూ ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరిపోయాయి. అర నిమిషంలో తెర మీద బయాస్, అంటే బోర్డు సొంత సెట్టింగుల పేజీ, వచ్చింది. పోయిందన్న బోర్డు అది. నాకు కన్నీళ్లు ఆగలేదు.

బోర్డు బాగుంది, ఎస్‌ఎంపీఎస్ బాగుంది. తేడా అంతా క్యాబినెట్‌లోనే. టార్చి వేసి లోపలి రేకు చూశాను. బోర్డు రేకుకు తగలకుండా ఎత్తి పట్టడానికి ఇత్తడి స్టడ్డులు ఉంటాయి కదా, వాటి మీదే స్క్రూలు బిగిస్తాం. పూర్తి సైజు బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. చిన్నది 244కి 244. పొడవు తేడా వల్ల రెండింటికీ కింది వరుస స్క్రూలు వేర్వేరు చోట్ల పడతాయి. దుకాణంలో చిన్న బోర్డు వరుస నుంచి రెండు స్టడ్డులు తీసి పెద్ద బోర్డు వరుసకు మార్చారు, మధ్యది అక్కడే వదిలేశారు. నా బోర్డులో ఆ చోట రంధ్రం లేదు. బోర్డు వెనుక వైపు టంకపు మొనలకు ఆ ఇత్తడి ఆనుకుని, కరెంటును నేరుగా రేకులోకి దింపేస్తోంది. బోర్డు తిప్పి చూస్తే, సరిగ్గా ఆ చోట గుండ్రటి సన్నని మచ్చ కనిపించింది. ఎస్‌ఎంపీఎస్ మార్చినా, ర్యామ్ మార్చినా ఆ స్టడ్డు ఉన్నంతకాలం ఫలితం మారదు. నోస్ ప్లయర్‌తో దాన్ని విప్పడానికి నాకు అర నిమిషం పట్టలేదు. తొమ్మిది రంధ్రాలకు తొమ్మిది స్టడ్డులు లెక్కపెట్టుకుని మళ్లీ బిగించాను. ఈ ఉత్తరం ఆ కంప్యూటర్ మీదే టైపు చేస్తున్నాను.

ఎస్‌ఎంపీఎస్ ప్రతిసారీ ఆ క్షణంలోనే ఆగి ఉండకపోతే బోర్డు నిజంగానే కాలిపోయేది. అందుకే ఎస్‌ఎంపీఎస్ దగ్గర ఐదారు వందలు ఆదా చేయాలని ఎవరూ చూడవద్దని నా మనవి.

దుకాణాలవారిని నేను అడిగేది ఒక్కటే. కొన్న వస్తువు కదలడం లేదని మనిషి మీ ముందు నిలబడినప్పుడు, బోర్డును క్యాబినెట్ నుంచి బయటికి తీసి, అట్ట మీద పెట్టి, ఒక్క ర్యామ్‌తో వెలుగుతుందో లేదో ఆ మనిషి కళ్ల ముందు చూడండి. పది నిమిషాల పని. అది చేయకుండా బోర్డు పోయిందని చెప్పకండి. చేసిన తర్వాత కూడా పోయిందనే తేలితే, ఏమి పరీక్షించారో, ఏమి తేలిందో తేదీ వేసి రాసి ఇవ్వండి. ఆ రోజు నేను వాళ్ల మాట విని ఇంకో బోర్డు కొని ఉంటే పదమూడు వేలు పోయేవి. కొత్త బోర్డు కూడా అదే స్టడ్డు మీద కూర్చునేది. అప్పుడు ఏమని చెప్పేవారు?

కొనేవాళ్లు కూడా రాసి ఇవ్వమని గట్టిగా అడగాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న వస్తువుకే కాదు, లోపమున్న సేవకూ వర్తిస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫిర్యాదు చెప్పవచ్చు. అయితే చేతిలో కాగితం లేకపోతే ఏ ఫిర్యాదైనా నిలబడటం కష్టం. నేనూ మొదటి రోజు బిల్లు మీదే "క్యాబినెట్‌ను ఈ బోర్డుకు సరిచేశాం" అని రాయించుకుని ఉండవలసింది.

దుకాణానికి ఫోన్ చేసి అసలు కారణం చెప్పాను. "అలా అప్పుడప్పుడు జరుగుతుందమ్మా" అన్నారు. అప్పుడప్పుడు జరుగుతుందని తెలిసినవారు ముందుగా అక్కడే ఎందుకు చూడలేదని అడిగాను. ఇంకా జవాబు రాలేదు. వాళ్ల దుకాణంలో క్యాబినెట్లు సరిచేసే కుర్రాడికి స్టడ్డులు లెక్కపెట్టమని చెప్పారో లేదో కనుక్కోవడానికి వచ్చే వారం విజయవాడ వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకురాలు,
తెనాలి