పౌర్ణమి రాత్రి జరిపిన నక్షత్ర వీక్షణంపై ఫిర్యాదు

సింగరాయకొండ,
7 జనవరి 2026.

నిర్వాహక సంస్థ మేనేజరు గారికి,

విషయం: కొత్తపట్నం తీరంలో జరిగిన కార్యక్రమం – టికెట్ల సొమ్ము వాపసు గురించి.

ఆర్యా,

నేను సింగరాయకొండ మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయురాలిని. ఈ నెల 3వ తేదీ శనివారం రాత్రి కొత్తపట్నం సముద్రతీరంలో మీరు నిర్వహించిన నక్షత్ర వీక్షణానికి తొమ్మిది, పది తరగతుల పిల్లలు 38 మందిని తీసుకొచ్చాను. తలకు 300 రూపాయల చొప్పున వారి టికెట్లకు 11,400 రూపాయలు చెల్లించాము. ఈ పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది చేపల వేటకు వెళ్లేవారు, పొగాకు బ్యారన్ల దగ్గర కూలికి పోయేవారు.

ఆ రోజు పుష్య పౌర్ణమి. తేదీ చూడగానే అనుమానం వచ్చి ఫోన్ చేస్తే, తమ టెలిస్కోపులు శక్తిమంతమైనవనీ, వెన్నెల అడ్డం కాదనీ మీ సిబ్బంది చెప్పారు. ఆ మాట నమ్మి పిల్లల దగ్గర డబ్బు తీసుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది. టెలిస్కోపు ఎంత పెద్దదైనా మసక గెలాక్సీ వెలుగుతోపాటు ఆకాశమంతా పరుచుకున్న వెన్నెలనూ పోగుచేస్తుంది కాబట్టి, మీ కరపత్రంలో అచ్చువేసిన ఆండ్రోమెడా గెలాక్సీ ఆ రాత్రి ఎవరికీ కనిపించలేదు. చివరికి చంద్రుణ్ణి చూడటానికైనా పౌర్ణమి మంచి రోజు కాదు. ఎండ నేరుగా పడి బిలాల నీడలు మాయమవుతాయి. అష్టమి నాడైతే అవి గోతులు తవ్వినట్టు కనిపిస్తాయి.

అదే కరపత్రంలో పాలపుంత కేంద్రం బొమ్మ కూడా ఉంది. ఆ కేంద్రం ధనూరాశి దిక్కున ఉంటుంది. ఇది ధనుర్మాసం, అంటే సూర్యుడే ఆ రాశిలో ఉన్నాడు, కనుక ఆ కేంద్రం రాత్రి కనిపించదు. వాకిట్లో నెల ముగ్గు పెట్టే ఇంట్లో కూడా తెలిసే ఈ సంగతిని టికెట్లు అమ్మే సంస్థ గమనించకపోవడం నాకు అర్థం కాలేదు. శని వలయాలను వెడల్పుగా విచ్చుకున్నట్టు చూపారు. 2025 మార్చి 23న భూమి ఆ వలయాల తలాన్ని దాటింది, ఇప్పటికీ అవి దాదాపు అంచు మీదుగానే, సన్నని గీతలా ఉన్నాయి. ఆ గీత కూడా చూడదగ్గదే, కానీ ఆ మాట ముందుగా చెప్పి ఉండాల్సింది.

నన్ను ఎక్కువ బాధించినది గురుగ్రహం విషయం. అది ఆ రాత్రి మిథునరాశిలో, చంద్రుడికి దగ్గరలోనే దేదీప్యమానంగా ఉంది. ఈ నెల 10న సూర్యుడికి ఎదురుగా రాబోతోంది కనుక చూడటానికి ఇంతకంటే మంచి రోజులు ఉండవు, పైగా పౌర్ణమి వెన్నెల కూడా దాన్ని దాచలేదు. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె దాని నాలుగు పెద్ద చంద్రుల పేర్లు నేర్చుకుని, వాటి స్థానాలు గుర్తించడానికి నోటుపుస్తకంలో గీత గీసుకుని వచ్చింది. వరుసలో గంటన్నర నిలబడ్డాక ఆమెకు దక్కినది మసకబారిన తెల్లని ముద్ద. సముద్రపు గాలికి అద్దం మీద తేమ చేరింది, ఫోకస్ సరిచేసేవారు లేరు, పక్కనే ఫ్లడ్‌లైట్లు వెలుగుతున్నాయి. చంద్రులు ఏవని అడిగితే, అవి ఇంత చిన్న టెలిస్కోపుకు కనిపించవని మీ మనిషి చెప్పాడు. గెలీలియో 1610లో అంతకంటే ఎంతో చిన్న గొట్టంతో వాటిని చూశాడు. సోమవారం తరగతిలో ఆ అమ్మాయి మీ మాటనే అందరికీ చెప్పింది, నేను పాఠం మళ్లీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది.

గాలి నింపిన గుడారంలో చూపిన నక్షత్రశాల ప్రదర్శన బాగానే ఉంది. అయితే ఆ తెర చూసి బయటకు వచ్చిన కళ్లు చీకటికి అలవాటు పడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు కావాలి; మీరు మాకు ఐదు నిమిషాలైనా ఇవ్వలేదు.

టికెట్ల సొమ్ము పూర్తిగా తిరిగి చెల్లించాలని, లేదా ఫిబ్రవరి 14 శనివారం, అమావాస్యకు మూడు రోజుల ముందు, మా పిల్లలకు అదే తీరంలో ఉచితంగా కార్యక్రమం జరపాలని కోరుతున్నాను. దీపాలు ఆర్పాలి, ఆకాశం తెలిసిన మనిషి టెలిస్కోపు దగ్గర ఉండాలి. ఆ వేళకు మృగశిర కింది నెబ్యులా (వాయువు, ధూళి మేఘం) నడినెత్తికి దగ్గరగా, దక్షిణాన అగస్త్య నక్షత్రం స్పష్టంగా ఉంటాయి. కరపత్రంలోని బొమ్మలను మాత్రం ఏ సందర్భంలోనైనా మార్చాలి. ఈ నెల 24లోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తాను. టికెట్ల నకళ్లు, కరపత్రం జతపరిచాను.

ఇట్లు,
భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు